నాలుగు గంటల పట్టీ

ధర్మవరం,
క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి, మంగళవారం
(4 ఫిబ్రవరి 2025)

మిత్రుడు ఏసురత్నానికి కదిరప్ప నమస్కారపూర్వకంగా రాయునది.

నేడు రథసప్తమి. లోకానికి చూపునిచ్చే సూర్యభగవానుడు తన రథాన్ని ఉత్తర దిక్కుకు మళ్లించే దినమని పెద్దలు చెప్పినారు. దేహంలోని ఒక్కొక్క ఇంద్రియానికి ఒక్కొక్క దేవత అధిపతి కాగా, కంటికి అధిపతి ఆయనే. అందుచేత ఈ దినాన తలమీద, భుజాలమీద జిల్లేడాకులు పెట్టుకొని స్నానం చేసి, మా చూపు తరగనీయకు స్వామీ అని వేడుకోవడం మా ఇంటి ఆచారం.

ఈ ఉదయం నా మనుమరాలు చౌడమ్మ తలమీద నేనే ఆకులు పెట్టి నీళ్లు పోసినాను. దానికి తొమ్మిదేండ్లు నిండినవి. పోయిన నా భార్య పేరే దానికి పెట్టుకొన్నామని నీవెరుగుదువు. అర్ఘ్యం విడవడానికి రాగి చెంబు చేతికిచ్చినాను. పళ్లెంలోనికి వంచమన్నాను. నీళ్లు పళ్లెంలో పడలేదు. నాలుగు వేళ్లు ఇవతల నేలమీద పడినవి. మళ్లీ వంచింది. మళ్లీ నేలపాలే.

"తాతా, పళ్లెం జరిపినావా నువ్వు?" అని అడిగింది.

నేను జరపలేదు.

గత గురువారం దానిని కంటి ఆస్పత్రికి తీసుకొనిపోయినాము. ఎడమకన్ను మెల్ల అని, ఆ కంటి చూపు మందగించినదని దాని ఆరో ఏట బడిలో పరీక్షించినవారు చెప్పిన సంగతి నీకు తెలుసు. కుడికన్ను మంచిది. ఆ మంచి కంటిని రోజుకు నాలుగు గంటలు మూసి ఉంచితే మందగించిన కన్ను పనిలో పడుతుందని చెప్పి, అద్దాలూ, కుడి అద్దం మీద తొడగడానికి నల్లగుడ్డ పట్టీ ఒకటీ ఇచ్చినారు. సాయంత్రం నాలుగు మొదలు ఎనిమిది వరకు. మూడేండ్లయినది. నా కూతురు కళావతి, అల్లుడు దేవేంద్ర మగ్గాల షెడ్డు నుండి వచ్చేసరికి ఏడు కావస్తుంది గనుక ఆ వేళ పిల్ల నా పోషణలో ఉంటుంది. నియమం సాగినదనే చెప్పవలె.

ఇప్పుడు డాక్టరమ్మ పరీక్షించి, కన్ను శుభ్రంగా ఉన్నది, నరం శుభ్రంగా ఉన్నది, మెదడే ఈ కంటి దారులను కత్తిరించి పారవేసినది, ఇంక పెద్దగా రాదు అన్నది.

ముప్పై రెండేండ్లు పెనుకొండ హైస్కూల్లో నా పక్కగదిలో జీవశాస్త్రం చెప్పినవాడివి. మెదడు తన సొత్తును తానే కత్తిరించుకొనడమేమి? ఇచ్చిన దానిని పారవేసే అధికారం దానికెవరిచ్చినారు? ఫోనులో నీ చెవికి నా మాట అందదు గనుక జాబే రాస్తున్నాను. వివరంగా రాయగలవు.

ఇట్లు,
కదిరప్ప


హిందూపురం,
16 ఫిబ్రవరి 2025

ప్రియమైన కదిరప్పకు,

ప్రభువు కృప నీకును నీ ఇంటివారికిని తోడుండును గాక.

నీ జాబు అందింది. పోస్టుమాన్ వెంకటేష్ "ఈ కాలంలో మీకొక్కరికే జాబులొస్తాండాయి సార్. మీరూ, ఈ రాసే సారూ పోతే మా ఆఫీసు మూసేస్తారు" అని ఇచ్చిపోయాడు. ఏమప్పా పండితుడా, నేను కప్పను కోసి చూపిస్తుంటే గోడ అవతల నువ్వు సీసపద్యం అందుకునేవాడివి. నీ పద్యం ముగిసేలోపు నా కప్ప లేచి పోతుందని పిల్లలు నవ్వేవారు. ఆ గోడ మీద నుంచి ఇన్నాళ్లకు నన్నొక పాఠం అడిగావు. సంతోషంగానే చెబుతాను, సంతోషించే సంగతి కాకపోయినా.

బిడ్డ పుట్టాక మొదటి ఏండ్లలో మెదడు కణానికీ కణానికీ మధ్య అతుకులు విపరీతంగా వేసుకుంటూ పోతుంది. నీకూ నాకూ ఉన్నవాటికంటే ఎక్కువ. ఏది పనికొస్తుందో దానికి ముందుగా తెలియదు. అందుకని అన్నీ వేసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏరివేత మొదలవుతుంది. పదే పదే వాడిన అతుకు గట్టిపడుతుంది. వాడనిది సన్నబడి ఊడిపోతుంది. ఊడినదాన్ని మింగి శుభ్రం చేసే కణాలు కూడా మెదడులోనే ఉన్నాయి. ఇది నష్టం అనుకోవద్దు. ఈ ఏరివేత లేకపోతే నువ్వు నడవలేవు, నేను మాట్లాడలేను. మీ ఊరి పట్టుచీర మగ్గం దిగాక వెనకవైపు వేలాడే జరీ పోగులు కత్తిరిస్తారు చూడు, ఆ కత్తిరింపుతోనే చీర చీర అవుతుంది. కాకపోతే మగ్గం దగ్గర డిజైను ముందే ఉంటుంది. ఇక్కడ డిజైను లేదు. వాడుకే డిజైను.

ఇక కంటి మాట. రెండు కళ్లూ మెదడులో ఒకే జాగా కోసం పోటీ పడతాయి. ఒక కన్ను వాలినప్పుడు రెండు బొమ్మలు కలవవు. ఒకటి రెండుగా కనబడుతుంది. ఆ గందరగోళం భరించలేక మెదడు ఒక కంటిని పక్కన పెడుతుంది. పక్కన పెట్టిన కంటి అతుకులు ఏరివేతలో పోతాయి. ఆ జాగా మంచి కన్ను ఆక్రమిస్తుంది. మీ చౌడమ్మ ఎడమకన్ను ఇప్పటికీ జాబులు రాస్తూనే ఉందప్పా. అందుకొని చదివేవాళ్లే లోపల లేరు. లోతు తెలియాలంటే రెండు కళ్లూ కలవాలి, అందుకే నీళ్లు నేలపాలయ్యాయి.

ఇదంతా చిన్నతనంలో జరిగే పని. ఏడెనిమిదేండ్ల దాకా మెదడు ఇంకా మెత్తగా ఉంటుంది. మంచి కంటిని మూస్తే రెండోదానికి తన జాగా తిరిగి దొరుకుతుంది. ఆ తర్వాత కొందరికి కొంత రావచ్చు, ఖాయంగా చెప్పలేం.

ఒకటే నాకు బోధపడలేదు. ఆరో ఏట మొదలుపెట్టి మూడేండ్లు కడితే ఎంతో కొంత రావాలి. ఏడ్చే పిల్లను చూసి జాలిపడి పట్టీ తీసేసే అవ్వలు, తాతలు ఉంటారు. అలాంటి ఇండ్లు నేను చూశాను, చూసి మండిపడ్డాను కూడా. నీ దగ్గర ఆ భయం లేదు, సంధ్యావందనం వేళలాగా నియమం పాటించే మనిషివి. అందుకే అడుగుతున్నాను. నాలుగు గంటలూ పట్టీ ఉందా?

నీ
ఏసురత్నం


ధర్మవరం,
విశ్వావసు నామ సంవత్సర ఉగాది
(30 మార్చి 2025)

శ్రీ ఏసురత్నం గారికి,

మీ జాబు అందినది. నూతన సంవత్సర శుభాకాంక్షలు.

మెదడును గురించి మీరు రాసినది చదివినాను. వాడనిది పోతుందన్నారు. నా పదేండ్ల వయసులో మా నాయన మగ్గం గుంతలో కూర్చొని నేర్పిన పద్యాలు నేను యాభై ఏండ్లు తలచుకోకున్నా పోలేదు. కనుక మీ సిద్ధాంతం సర్వత్రా వర్తించదని నా అభిప్రాయం.

అదీగాక, వాలు కన్ను అదృష్ట లక్షణమని లోకంలో నమ్మిక ఉన్నది. చౌడమ్మకు మూడో ఏట చెవులు కుట్టించిన దినాన మీరూ వచ్చి ఉంటిరి. ఆ కంటి మీద నేను ఆశువుగా ఉత్పలమాల చెప్పితిని. సభ అంతా మెచ్చుకొన్నది. మీరు కూడా అక్కడే ఉంటిరని జ్ఞాపకం.

ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. చిన్నది పుష్పకు నాలుగేండ్లు. దానికీ కన్ను లోపలికి వాలుతున్నది. డాక్టరమ్మ అద్దాలు రాసి, పట్టీ ఈ నెలలోనే మొదలుపెట్టమన్నది. కళావతి ఒప్పుకొనలేదు.

"పెద్దదానికి మూడేండ్లు కడితిమి. ఏమొచ్చె? దినామూ ఏడ్చె, అంతే. ఇంగ చిన్నదాన్ని గూడా ఏడిపీల్నా? ఆ ప్యాచ్ అంతా వట్టిది" అన్నది.

దేవేంద్ర కూడా పుష్పతో "మీ అమ్మ చెప్పిందే రైటు, వద్దులే" అని దానిని ఎత్తుకొని బయటకు పోయినాడు. అద్దాల చీటీ దేవుని పటం వెనుక పెట్టినారు. నేనేమి చెప్పగలను? తల్లి నిర్ణయం తల్లిది.

మీరు అడిగిన ప్రశ్న అడగదగినది కాదని మనవి చేసుకొంటున్నాను.

భవదీయుడు,
కదిరప్ప


హిందూపురం,
9 ఏప్రిల్ 2025

కదిరప్పా,

నలభై ఏండ్లకు పైగా నువ్వు అని పిలిచినవాడివి నన్ను మీరు అన్నావు. ఆ ఒక్క మాటతో నా ప్రశ్నకు జవాబు వచ్చింది. అయినా నీ నోటితో చెప్పేదాకా అది నిజమని నేను అనుకోను.

ముందు నా సంగతి చెబుతాను. చెవులు కుట్టించిన రోజు నేను అక్కడే ఉన్నాను. పిల్ల నా ఒడిలోకి వచ్చింది. నా జేబులోని పెన్ను పట్టుకోబోయి రెండుసార్లు గాలిని పట్టుకుంది. నాకు అనుమానం వచ్చింది. నోరు తెరిచేలోపు నువ్వు లేచి పద్యం అందుకున్నావు. ఆ కన్ను మన్మథుడి విల్లు వంపు అన్నావు. చప్పట్లు మోగాయి. ఆ సంబరంలో ఈ పిల్లకు కన్ను చూపించండి అని ఎట్లా అనను? పండితుడి మాట తప్పని నలుగురిలో ఎట్లా అనను? నేను కూడా చప్పట్లు కొట్టాను. అప్పటికి పిల్లకు మూడేండ్లు. అప్పటి నుంచి బడిలో పరీక్షించేదాకా ఇంకో మూడేండ్లు నా మర్యాద కింద పోయాయి.

ఇన్నేండ్లు నీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. నీ వంతు.

ఏసురత్నం


పెనుకొండ,
విశ్వావసు వైశాఖ బహుళ పంచమి
(17 మే 2025)

ఏసురత్నం,

మన పాత శిష్యుడు రాజశేఖర్ మేడమీది గదిలో ఉన్నాను. కోటలోని శాసనాలు ఎత్తి రాసుకొనడానికి పోతున్నానని ఇంట్లో చెప్పి వచ్చినాను. వచ్చి ఇరవై దినాలు. ఒక్క శాసనం చూడలేదు. గోడ చూస్తున్నాను.

నాలుగు గంటలూ పట్టీ లేదు.

మొదటి వారం ఉన్నది. అప్పుడే దానికి కందపద్యాలు మొదలుపెట్టినాను. పాత అచ్చు పుస్తకం ముందు పెట్టి చదవమంటే, ఆ ఒంటికంటితో అది వేలు పెట్టి వెదుక్కొనేది. "తాతా, అచ్చరాలు చీమలు మాదిరి పాకుతాండాయి" అని ఏడ్చింది. నా భార్య కూడా చివరి కాలంలో చూపు మందగించి అట్లాగే వెదుక్కొనేది. ఆ పేరు గల పిల్ల అట్లా వెదుక్కొంటుంటే ఓర్చుకొనలేక, ఈ ఒక్క పద్యానికని పట్టీ తీసినాను. అది గడగడ చదివింది. ఆరేండ్ల పిల్ల ఆ ముద్దక్షరాలు, ఆ అరసున్నలు తడుముకోకుండా చదువుతుంటే నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

మరుసటి దినం రెండు పద్యాలకు తీసినాను. ఆ తర్వాత అదే నియమమయినది. నాలుగుకు తొడిగేది, నాలుగున్నరకు తీసేది. దేవేంద్ర స్కూటరు సందు మలుపు తిరిగే చప్పుడు వినగానే మళ్లీ తొడిగేది. కొన్నాళ్లకు నేను చెప్పనవసరం లేకపోయినది. స్కూటరు చప్పుడు వినబడగానే పిల్లే తొడుక్కొని నా వైపు చూసి నవ్వేది. నేనూ నవ్వేవాడిని. తాతా మనుమరాలూ ఆడుకొనే ఆట అనుకొన్నాను. ఆదివారం కళావతి ఇంట్లో ఉంటుంది గనుక ఆ ఒక్క దినం నాలుగు గంటలూ ఆ కన్ను పనిచేసేది.

మూడేండ్లలో నూట ఎనిమిది పద్యాలు. పద్యాల పోటీలో దానికి బహుమానం వచ్చినది. ఫొటో గోడమీద ఉన్నది. అందులో దాని ముఖాన అద్దాలున్నవి, పట్టీ లేదు. ఇన్నాళ్లుగా ఆ ఫొటో కింద కూర్చొని నేను అన్నం తిన్నాను.

ఇది కూడా విను. ఆస్పత్రిలో డాక్టరమ్మ అందరూ వింటుండగా కళావతిని, "ఏమమ్మా, సరిగా కట్టుంటే ఇట్లా అయ్యేదా? కన్నతల్లివేనా?" అన్నది. కళావతి నా వైపు తిరిగినది. అనుమానంతో కాదు. సాక్ష్యానికి. "నువ్వు చెప్పు నాయనా, కడితిమి కదా?" అన్నది.

"కట్టినాము" అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ వైపు మొగం పెట్టుకొని, "నేను షెడ్డుకు పోకుండా ఇంట్లో ఉండింటే బాగుండునేమో నాయనా. తప్పంతా నాదే" అన్నది. పట్టుచీరల వెనుక పోగులు కత్తిరించి కత్తిరించి కాయలు కాచిన వేళ్లతో కన్నీళ్లు తుడుచుకొన్నది. నేను పక్క సీటులో ఉన్నాను. ఒక జీవితకాలం సత్యవాక్యాన్ని గురించి పిల్లలకు పాఠం చెప్పిన నోరు నాది. అది తెరుచుకొనలేదు.

ఆ నోరు తెరుచుకొనకపోవడం చేతనే ఇప్పుడు పుష్పకు పట్టీ కట్టడం లేదు. పట్టీ వట్టిదని కళావతి నమ్ముతున్నది. నేను చెప్పితేనే ఆ నమ్మకం పోతుంది. చెప్పితే నా కూతురు నాకు పోతుంది. ఏమి చేయను?

కదిరప్ప


హిందూపురం,
22 మే 2025

కదిరప్పా,

నీ జాబు చదివాను. కోపం లేదని అబద్ధం చెప్పను.

ఏమి చేయను అని అడిగావు. ఇది అడిగే ప్రశ్న కాదు, నీకు తెలుసు. పుష్పకు నాలుగేండ్లు. ఇప్పుడు కడితే ఆ కన్ను నిలుస్తుంది. నువ్వు గోడ చూసుకుంటూ కూర్చున్న ఒక్కొక్క నెలకూ ఆ మెదడులో ఏరివేత సాగుతూనే ఉంటుంది. అది నీ సిగ్గు తీరేదాకా ఆగదు.

కళావతికి ఎదురుగా చెప్పలేకపోతే రాయి. నాకు రాసినట్టే రాయి. ఒక్క సంస్కృత సమాసం కూడా వద్దు. ఆ బిడ్డ పదో తరగతి వరకు నా దగ్గర చదివింది. ఆమెకు మాట అర్థమవుతుంది.

నీ కూతురు నీకు పోవచ్చు. ఆ భయం నిజమే, కాదనను. అయినా రాయి.

ఏసురత్నం


పెనుకొండ,
ఆషాఢ శుద్ధ ఏకాదశి
(6 జూలై 2025)

ఏసురత్నం,

రాసినాను. ఎనిమిది వాక్యాలు. జవాబు నేడు చేతికి వచ్చినది. ఉన్నదున్నట్లు ఎత్తి రాస్తున్నాను. నా దగ్గర ఉంచుకొనే ధైర్యం లేక నీకు కూడా పంచుతున్నాను.

'నాయనా, నీ జాబు చదివినా. ఆయనకూ చదివి వినిపిస్తి. ఆయన లేచి షెడ్డుకు పాయె.

నువ్వు పిల్ల ఏడుస్తాంటే తీసినావంటే నేను ఏమీ అనకపోదును. నేను గూడా ఆదివారాలు తీద్దామా అనుకొన్నా చానా సార్లు. కాని ఆస్పత్రిలో అంతమందిలో నన్ను కన్నతల్లివేనా అనిరి. నువ్వు పక్కనే ఉంటివి. నువ్వు చెప్పు నాయనా అంటి. కట్టినాము అంటివి. అది నేను యాడ పెట్టుకోవాల? ఐదు నెలలు నిద్ర ల్యాకుండా నేనేం తప్పు చేస్తినా అని లెక్క పెట్టుకొంటి.

పుష్పకు అద్దాలు చేపిచ్చినాము. సోమవారం నుంచి కడతాండా. నాలుగు గంటలు. నేను షెడ్డుకు మధ్యాహ్నం దాకానే పోతాండా. పెద్దదానికి గూడా కట్టమని డాక్టరమ్మ చెప్పింది, ఆర్నెల్లు చూద్దామనింది. దానికీ కడతాండా.

నువ్వు రావద్దని చెప్పను. రమ్మనీ చెప్పను. చౌడమ్మ తాత యాడికి పాయె అని అడుగుతాంది. శాసనాలు రాసుకొంటాండాడు అని చెప్తాండా. నీ కోసం నేను గూడా అబద్ధం చెప్తాండా చూడు.

కళావతి.'

ఇంతే.

కదిరప్ప


హిందూపురం,
12 అక్టోబర్ 2025

ప్రియమైన కదిరప్పకు,

నిన్న ధర్మవరం పోయి వచ్చాను. నీకు చెప్పకుండానే పోయాను.

కళావతి నన్ను చూసి "కూర్చోండి సార్" అని చాప వేసింది. కాఫీ ఇచ్చింది. నీ పేరు ఎత్తలేదు. పుష్ప నట్టింట్లో మంచి కన్ను మూసుకొని పెసలు, కందులు వేరు చేస్తోంది. రెండో కంటికి పని కల్పించమని డాక్టరు చెప్పిన ఆట అది. మూడు నెలల్లో ఆస్పత్రిలో కంటి పరీక్ష బోర్డు మీద రెండు వరుసలు ఎక్కువ చదివిందట. ఆ పిల్ల గురించి నువ్వు ధైర్యంగా ఉండొచ్చు.

పెద్దదాని సంగతి కూడా చెప్పాలి. నేను ఉండగానే కళావతి ఒక చీర తిరగేసి వెనక పోగులు కత్తిరిస్తోంది. చౌడమ్మ వచ్చి "నేను చేస్తానమ్మా" అని కత్తెర తీసుకుంది. పోగు దగ్గర ఆడవలసిన కత్తెర దానికి ఇవతల గాలిలో ఆడింది. రెండోసారి నేతలోకి పోబోయింది. కళావతి చెయ్యి పట్టుకుని కత్తెర మెల్లగా తీసుకుంది. తిట్టలేదు. "నీకు ఇది వద్దులే, పోయి సదువుకో" అంది. పిల్ల లేచి పోయింది. ఆ ఇంట్లో నాలుగు తరాలుగా నీవి తప్ప అందరి చేతులూ పోగు మీదే ఉన్నాయి కదప్పా.

నేను సెలవు తీసుకునేటప్పుడు కళావతి గడప దాకా వచ్చి, "నాయనకు చలికాలం ఆ మేడమీద గది పడదు సార్. ఆయనకు దగ్గు" అంది. నువ్వు పద్యాలకు తాత్పర్యం చెప్పేవాడివి. ఈ మాటకు కూడా చెప్పుకో.

నీ
ఏసురత్నం


ధర్మవరం,
విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి, భానువారం
(25 జనవరి 2026)

మిత్రుడు ఏసురత్నానికి కదిరప్ప రాయునది.

మళ్లీ రథసప్తమి. ఈసారి ఆదివారం నాడే వచ్చినది.

కార్తికంలో ఇంటికి వచ్చినాను. కళావతి కంచం పెట్టినది. ఇప్పటికీ పెడుతున్నది. మాట అవసరమున్నంతవరకే. షెడ్డులో పని పెరిగి మళ్లీ సాయంత్రం దాకా పోతున్నది. పక్కింటి ఉలిగమ్మను నాలుగు గంటలకు వచ్చి మా వాకిట్లో కూర్చొమ్మని చెప్పినది. ఉలిగమ్మ బియ్యం ఏరుకొంటూ, "నన్ను నీకు కాపలా పెట్టినారు పంతులూ. పిల్లకు కాదు" అని నా మొగం మీదే నవ్వినది. నిజమే గనుక నేనూ కాదనలేదు.

పుష్ప కన్ను బాగుపడుతున్నది. చౌడమ్మ కన్ను ఒక్క వరుస ముందుకు వచ్చి ఆగినది. ఇంక పట్టీ అవసరం లేదని పోయిన వారం డాక్టరమ్మ చెప్పినది. కావలెనంటే పెద్దయినాక శస్త్రచికిత్సతో కన్ను చక్కగా నిలుస్తుందట. చూపు మాత్రం రాదట.

ఆ దినం సాయంత్రం చౌడమ్మ నా దగ్గరకు వచ్చినది. నేను వచ్చినప్పటి నుండి అది పద్యాలకు రాలేదు. నేను పిలవలేదు. వచ్చి నిలబడి,

"తాతా, పట్టీ తీయకూడదని నీకు తెలుసు కదా?" అన్నది.

"తెలుసమ్మా."

"నాకు గూడా తెలుసు. నేను గూడా నవ్వుతాంటి."

"నీది తప్పు కాదు. నీవు చిన్నదానివి."

"పుష్పకు నువ్వు ఇప్పుడు కత నోటితోనే చెప్తాండావు. పుస్తకం తీయకుండా. నాకు గూడా పద్యాలు నోటితోనే చెప్పింటే నేర్చుకొందును కదా తాతా. పుస్తకం యాలకు చూపిస్తివి?"

ఏసురత్నం, డెబ్బైమూడేండ్ల నా జీవితంలో ఇంతటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మగ్గం గుంతలో కూర్చొని మా నాయన నాకు పద్యాలు చెప్పినప్పుడు ఆయన చేతులు పోగుల నడుమ అటూ ఇటూ పరుగెత్తే నాడె మీద ఉండేవి, కళ్లు నేత మీద ఉండేవి. పుస్తకమే లేదు. పద్యం చెవి నుండి చెవికి వచ్చిన సొత్తు. ఆ పిల్ల పట్టీతోనే కూర్చొని నూట ఎనిమిదీ వినగలిగి ఉండేది. పుస్తకం దానికి అక్కరలేదు. ఆరేండ్లకే పాత అచ్చు చదివే మనుమరాలు నాకు కావలసి వచ్చినది. నేను దానితో చెప్పిన జవాబు ఇదే. "గర్వం చేతనమ్మా" అన్నాను.

"ఊ" అన్నది. పోయి పుష్ప పక్కన కూర్చొని దాని అద్దాలు సరిచేసినది. ఇప్పుడు దినమూ నాలుగు గంటలకు పట్టీ తొడిగేది చౌడమ్మే. ఎనిమిదికి తీసేదీ అదే. మధ్యలో నేను నీళ్లకు లేచినా ఒకసారి తిరిగి చూస్తుంది.

ఈ ఉదయం దాని తలమీద జిల్లేడాకులు నేను పెట్టలేదు. కళావతి పెట్టినది. అర్ఘ్యానికి చెంబు తీసుకొన్నది. నేను దూరంగా నిలబడి చూస్తున్నాను. అది ముందు ఎడమచేయి చాచి, పళ్లెం అంచును వేలితో ముట్టుకొన్నది. ఆ వేలు తీయకుండా, వేలి ఆనవాలున ధార వదిలినది. నీళ్లన్నీ పళ్లెంలోనే పడినవి. ఎవరూ నేర్పలేదు. తన లోపానికి తన దారి తానే వేసుకొన్నది. కళావతి నా వైపు చూసినది. నేను ఇంటికి తిరిగి వచ్చినాక మొదటిసారి తానుగా చూసిన చూపు అది. అందులో క్షమ ఉన్నదని రాయను. చూసినది, అంతే.

ఈ పుణ్యదినాన, నా పేరున కాక, చేసిన తప్పు పేరున ఈ మాటలు పలుకుతున్నాను. మా తరువాత పుట్టి పెద్దల ఒడిలో చదువు మొదలుపెట్టే పిల్లలకందరికీ రెండు కన్నులూ నిలుచుగాక. వారిని సాకే చేతులకు జాలితోబాటు తాళిమి కలుగుగాక. ఆ పెద్దలు తప్పు చేసిననాడు, పిల్లల కాలం చేయి దాటకముందే వారి నోరు తెరుచుకొనుగాక. పుష్ప చూపు నిండుగా నిలుచుగాక. చౌడమ్మ వంచిన నీరు ఏనాడూ నేలపాలు కాకుండుగాక.

కదిరప్ప